వాసన చూసిన పూలు

పూలు కోయడం నాకు వచ్చినంత బాగా మా భజన మందిరంలో ఇంకెవరికీ రాదు. గొప్ప కోసం చెప్పడం లేదు. ఇరవై ఏళ్లు నేను చేసిన సేవ అదొక్కటే. స్నానం చేశాక, ఎండ తగలకముందు కోయాలి. గోరుతో గిల్లకూడదు, తొడిమ దగ్గర వేళ్లతో విరవాలి. ఎడమ చేత్తో పట్టకూడదు, కొంగులో వేసుకోకూడదు. మొక్కకి రెండు పూలైనా వదిలి రావాలి. అలాంటిదాన్ని పోయిన ఏడు శ్రీరామనవమికి పూల సేవ నుంచి తప్పించారు. ఎందుకు తప్పించారో నా నోటితోనే చెప్తాను. వేరేవాళ్ల నోట విన్నవాళ్లు నాకు మతి చలించిందనుకుంటున్నారట.

మాది మైదానం నుంచి వచ్చిన వ్యాపారపు కుటుంబం. అరకులో సంత వీధిలో మాకు పచారీ కొట్టుంది. నేను పెళ్లయి వచ్చినప్పుడు మా వైపు వాళ్లవి ఇక్కడ పది ఇళ్లే. ఆ పది ఇళ్లవాళ్లూ కలిసి ఒక రేకుల షెడ్డులో శనివారం భజన మొదలుపెట్టారు. ఇప్పుడది స్లాబు వేసిన మందిరం, నలభై కుటుంబాలు. బడి చదువు నాకు తొమ్మిదో తరగతితో ఆగిపోయింది. ఆ తరవాత నేను చదువుకున్నదంతా ఆ షెడ్డులోనే. మా పెద్దాయన ఒకరున్నారు, రిటైరైన మాస్టారు. ఆయన పురాణం చెప్తారు. శ్లోకం చదివి, అర్థం చెప్పి, ఎవరైనా అడ్డు ప్రశ్న వేస్తే సంతోషపడే మనిషి. ప్రశ్న అడగడం నాకు నేర్పింది ఆయనే. ఇది ముందే చెప్పాలి, ఎందుకంటే తరవాత నేను నిలబడింది ఆయన ఎదుటే.

మోకాళ్ల నొప్పులకి డాక్టరు రోజూ నడవమన్నాడు. కొట్టు తెరవకముందు, తెల్లవారగానే బయల్దేరేదాన్ని. రైలు పట్టాలు దాటి, కాఫీ తోటల అంచునే కిందికి దిగితే ఒక కంచె వస్తుంది. దాని పక్కన బోర్డు. రక్షిత చిత్తడి నేల, పశువులను వదలరాదు, మొక్కలు పూలు కోయరాదు అని రాసుంటుంది. మా పుట్టింటి వైపు అలాంటి నేలని తంపర అంటారు. నడి వేసవిలో కూడా కాలు పెడితే నీరు ఊరే నేల. పై కొండల నుంచి జారిన నీళ్లన్నీ అక్కడ ఇంకి, అవతలి చివర సన్నటి గెడ్డగా, పిల్లవాగులా బయటికొచ్చి, కింది ఊరి పొలాలకి పోతాయి. కంచె లోపల నడవడానికి ఒక కాలిబాట ఉంది. నడవడానికి అభ్యంతరం లేదు.

మాఘంలో ఒక పొద్దున్న మంచు విడిచేవేళకి ఆ బాట మీద ఉన్నాను. నిలబడి చూస్తే అది ఒట్టి గడ్డి. చెప్పులో ముల్లు గుచ్చుకుందని వంగాను. అప్పుడు కనిపించాయి. గోరంత ఊదా పూలు, ఒక్కోదానికి వెనక కొక్కెంలా చిన్న తోక. వాటి మధ్య సన్నటి కాడల మీద తెల్ల చొక్కా గుండీల్లాంటి పూలు. అగ్గిపుల్ల తలంత పసుపు పూలు. వంగినవాళ్లకి తప్ప కనిపించవు. ఇన్నేళ్లు సాష్టాంగపడ్డ ఒళ్లు కదా, వంగడం నాకేం కష్టం! అక్కడే మోకాళ్ల మీద కూర్చుండిపోయాను.

మా అమ్మాయి వాడి వదిలేసిన ఫోన్ నా దగ్గరుంది. మొదటిరోజు తీసిన ఫోటోల్లో సగం నా బొటనవేలివి. నాలుగు రోజులకి తెలిసింది. ఎండ వీపు వెనక ఉండాలి. ఫోన్ పూల ఎత్తుకి దించాలి. గాలి ఆగేదాకా ఊపిరి బిగబట్టాలి. ఊపిరి బిగబట్టడం భజనలో అలవాటే.

"సావుకారమ్మా! ఏటి, ఏటైనా పోగొట్టుకున్నావా?"

కంచె దగ్గర ఖాకీ చొక్కా చీర మీద తొడుక్కుని, చేతిలో కర్రతో ఒకామె. ఆ తంపరకి వాచరు. కింది ఊరి గిరిజన మనిషి. మా కొట్లో ఉప్పూ సబ్బూ కొనడానికి వచ్చేటప్పుడు చూశాను గాని ఎప్పుడూ మాట్లాడలేదు.

"పూలు చూస్తున్నాను," అన్నాను.

"పూలు సూడ్డానికి మోకాళ్ల మీద కూకోవాలేటి? నువ్వు మొక్కుతన్నావేమో అనుకున్నాను."

"రెండూ ఒకటేలే."

ఆమె దగ్గరికొచ్చి నా కాళ్లకేసి చూసింది. "బురదలో ఎయ్యకు అడుగు. గడ్డి దుబ్బు మీదెయ్యి. బురదలోనే ఇత్తనాలుంటాయి." అలా ఆమె నాకు నడక నేర్పింది. దుబ్బు మీంచి దుబ్బు మీదికి, ముసలి కప్పలా.

ఇంక తప్పు ఎక్కడ చేశానో చెప్తాను. తీసిన ఫోటోల్లో బాగున్నదాన్ని రోజూ పొద్దున్నే మా భజన వాట్సాప్ గ్రూపులో పెట్టేదాన్ని. పైన శుభోదయం, కింద రామనామం. మావాళ్లు గులాబీల బొమ్మలు, తామరల బొమ్మలు ఎక్కడినుంచో తెచ్చి పెడతారు. నావి మాత్రం మన ఊరివి, నా చేత్తో తీసినవి. నలభై దండాలు, నలభై పూల బొమ్మలు తిరిగొచ్చేవి. "ఎక్కడివమ్మా ఇవి?" అని ఒకరడిగితే దారి కూడా చెప్పాను. రైలు పట్టాలు దాటి, కాఫీ తోటల అంచున. నేనే చెప్పాను.

ఉగాది నుంచి నవమి దాకా మందిరంలో రోజూ భజన ఉంటుంది. ఉగాది వెళ్లిన తరవాతి రోజు సాయంత్రం, భజన అయ్యాక మాస్టారు గొంతు సవరించుకున్నారు.

"ఈసారి నవమికి కొన్న పూలు వద్దు. కొండ కింది నుంచి బస్సులో బస్తాల్లో ఉడికిపోయి వచ్చే బంతిపూలు ఎన్నాళ్లు పెడతాం స్వామికి? వెతికి, కోసి తెచ్చిన అడవి పువ్వుకి ఉన్న ఫలం కొన్నదానికి లేదు. మన తల్లి రోజూ ఫోటోలు పెడుతూనే ఉంది, మనకే బుర్రకి తట్టలేదు. నవమి ముందు రోజు పొద్దున్నే అందరం బుట్టలు పట్టుకుని ఆ చిత్తడి నేలకి వెళ్దాం."

అందరూ నాకేసి తిరిగి చప్పట్లు కొట్టారు. నేను లేచి నిలబడ్డాను.

"మాస్టారూ, అక్కడ కోయకూడదని బోర్డుంది."

"దేవుడి పూలకి బోర్డేటమ్మా!" అని వెనక నుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు.

"అధికారితో నేను మాట్లాడతాలే," అన్నారు మాస్టారు.

"బోర్డు సంగతి వదిలేయండి. ఆ పువ్వు లాగితే మొక్కంతా లేచి వచ్చేస్తుంది. వేరు దారం పోగంత ఉంటుంది. నలభై మంది బురదలో తిరిగితే విత్తనం కూడా మిగలదు."

"స్వామికి వెళ్లిన మొక్క ధన్యమైన మొక్క."

ఆయన నేర్పిన దారిలోనే అడిగాను. "అవి అప్పటికే పెట్టిన పూలు కాదా మాస్టారూ? ఉన్నచోటే స్వామి తీసుకుంటున్నాడు. ఒకసారి సమర్పించినదాన్ని తీసి మళ్లీ సమర్పించొచ్చా?"

ఆయన కళ్లు మెరిశాయి. మంచి ప్రశ్న వస్తే అలాగే మెరుస్తాయి. "బాగుంది. కాని సమర్పించిందెవరు? మనసు లేకుండా, చెయ్యి లేకుండా సమర్పణ లేదు తల్లీ." తరవాత మెత్తగా అన్నారు. "ఒక మాటంటాను, ఏమీ అనుకోకు. నువ్వు రోజూ వెళ్లి చూసుకున్నావు, ఫోటో తీసుకున్నావు, నలభై మంది చేత బాగుందనిపించుకున్నావు. నీ కంటికి పనికొచ్చిన పువ్వు స్వామి పాదాలకి పనికిరాదా?"

అది నిజం. పొద్దున్నే ఫోన్ తీసి ఎన్ని దండాలొచ్చాయో చూసుకునేదాన్ని. నేను కూర్చున్నాను. ఆయన హారతి పాట ఎత్తుకున్నారు. పాట నాకు నోటికి వచ్చు, అయినా అందుకోలేదు.

మర్నాడు తెల్లవారగానే తంపరకి వెళ్లి వాచరుకి చెప్పాను. దాచలేదు, ఫోటోలు పెట్టింది నేనేనని కూడా చెప్పాను. ఆమె కర్ర మీద గడ్డం ఆనించి విన్నది.

"ఎంతమంది వత్తారు?"

"నలభై. పిల్లలతో కలిపి ఇంకా ఎక్కువే."

"నాను ఒక్కదాన్ని. దేవుడి పేరు సెప్పి వత్తే ఏటి సెయ్యగలను? ఆపితే పాపం అంటారు. ఆపకపోతే నా పని పోతాది. పని పోతే పోనాది, ఈ తడి ఎండిపోతే మా ఊరి మళ్లకి నీరెక్కడిది?" అని, కిందికి వంగి ఒక దుబ్బు పక్కన చూపించింది. "నువ్వు పోటో తీసిన పువ్వు ఎలాటిదో తెలుసునా నీకు? ఇటు సూడు."

రూపాయి బిళ్లంత ఎర్రటి మొక్క, నేలకి అంటుకుని ఉంది. ఆకుల నిండా వెంట్రుకలు, ప్రతి వెంట్రుక కొసన మంచు చుక్కలాంటి జిగురు. అందులో ఒక దోమ ఇరుక్కుని కాళ్లాడిస్తోంది.

"తింతాది దాన్ని. నీ ఊదా పువ్వు కూడా అంతే. అడుగున సిన్న సిన్న సంచులుంటాయి, నీటిపురుగుల్ని మింగుతాది. ఆపీసరు సెప్పినాడు."

నెలన్నరగా నేను రామనామం రాసి పంపిన పువ్వు మాంసం తినే మొక్కది! మా మందిరంలో ఉల్లిపాయ తిన్నవాళ్లు కూడా ఆ పూట గర్భగుడి గుమ్మం ఎక్కరు.

ఆమె నా ముఖం చూసి నవ్వింది. "ఏటి, మీ దేవుడికి పనికిరాదేటి? పనికిరాదంటే మంచిదే. పోయి సెప్పీ. ఒక్కడూ ముట్టడు." ఇంకో అడుగు వేసి, వెనక్కి తిరక్కుండానే అంది. "మేమూ తింతాం మాంసం. మమ్మల్ని కూడా అందుకే కదా మీరు మెట్ల దగ్గరే ఆపీసేది."

ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ మా ఆయనకి చెప్పాను. ఆయన కంచం మీంచి తలెత్తి, తూకం కుదిరినప్పుడు కొట్లో ఎలా తల ఊపుతారో అలా ఊపారు.

"ఇంకేటే నీ బాధ? పని అయిపోనాది. మాంసం తినే మొక్క అని గ్రూపులో ఒక్క ముక్క రాసీ. దోమ ఇరుక్కున్న ఫోటో పెట్టీ. మాస్టారే వద్దంటారు."

"అది అపవిత్రమని నేనెలా అంటానండీ?"

"నువ్వనక్కర్లేదు, వాళ్లే అంటారు."

"అనిపించింది నేనే అవుతాను కదా. నెలన్నర రామనామం రాసి, ఇప్పుడు మైల అని రాయాలా? ఆకలి పెట్టినవాడే ఆ మొక్కకి నోరు పెట్టాడు. రేపు అక్కడ ఆ పురుగులు తినే మొక్కలేగా అని ఎవడైనా మట్టి పోసి కప్పేస్తే ఎవరు అడ్డం వస్తారు?"

"నీతో పడలేం," అని మజ్జిగ పోయమన్నారు.

నిజం చెప్పాలంటే ఆ దారి నన్ను లాగింది. అంత సులువు. నవమికి ఇంకా ఆరు రోజులుంది. పొద్దున్న లేచేసరికి సగం ఒప్పేసుకున్నాను. మాస్టారింటికి వెళ్లాను. ఆయన వరండాలో పేపరు చదువుతున్నారు. వాళ్లావిడ కాఫీ తెచ్చి ఇచ్చింది.

"ఇంకా కోపమేనా తల్లీ?"

"కోపం కాదు మాస్టారూ. ఆ మొక్క గురించి ఒక మాట చెప్పాలని..."

"ఆ మొక్క?"

నాలుక చివరిదాకా వచ్చింది. ఎదురుగా గోడ మీద ఆయన స్వామి పటం. నాకు ఆ వాచరు వెనక్కి తిరక్కుండా అన్న మాట వినబడింది.

"చాలా చిన్నది మాస్టారూ," అన్నాను. అంతే అన్నాను.

ఆయన నా మీద జాలిపడ్డారు. ఫోన్ తీసి, అంతకుముందు నేను పెట్టిన ఊదా పువ్వు ఫోటో పెద్దది చేసి చూసి నవ్వారు. "ఇంత దగ్గరగా ఎలా తీశావమ్మా? ముక్కు ఆనించేసినట్టున్నావు. వాసన చూసిన పువ్వు ఎలాగూ పూజకి పనికిరాదు. ఈ ఒక్కదాన్నీ నీకు వదిలేస్తాంలే."

ఆయన పరాచికానికే అన్నారు. నేను కాఫీ గ్లాసు సగంలో పెట్టేసి లేచాను. "ఏమయిందమ్మా?" అని వాళ్లావిడ అడుగుతూనే ఉంది, నేను వీధిలోకి వచ్చేశాను.

వాసన చూసిన పువ్వు మనిషి అనుభవించేసిన పువ్వు. ఎంగిలి అన్నంతో సమానం. ఈ నియమం మా చిన్నపిల్లలకి కూడా తెలుసు. దేవుడి బుట్ట మీదికి ముక్కు వంచితే చెంప మీద ఒకటి పడుతుంది. నా దేవుడి పేరు చెప్పి వస్తున్నవాళ్లని బోర్డు ఆపదు, వాచరు కర్ర ఆపదు. నా దేవుడి నియమమే ఆపాలి. పువ్వుని అపవిత్రమైనదని అనకుండా ఆపాలంటే, అపచారం నేను చేయాలి. మచ్చ నా మీద పడాలి, దాని మీద కాదు.

మర్నాడు స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, పూలకి వెళ్లేటప్పుడు ఎలా వెళ్తానో అలాగే వెళ్లాను, బుట్ట తప్ప. మొదటి దుబ్బు దగ్గర కూర్చున్నాను. ఫోటో తీశాను. ముక్కు ఆనించే ముందు రెండుసార్లు వెనక్కి జరిగాను. ఇరవై ఏళ్లు దేవుడి పువ్వుని ముక్కు దరిదాపులకి రానివ్వనిదాన్ని. "దోషం నాది," అని పైకే అన్నాను. ఆనించాను. ఏ వాసనా లేదు, కాస్త బురద వాసన తప్ప. ముక్కు చివర తడి అంటింది. రెండోదానికి ఒక్కసారే జరిగాను. పదోదానికి అదీ లేదు. ఒక్కో పువ్వుకి ఒక్కో నామం అనుకుంటూ ముందుకి జరిగాను. చీర కుచ్చిళ్లు మోకాళ్ల దాకా బురద.

"ఏటి సేత్తన్నావు?" వాచరు గొంతు.

"వాసన చూస్తున్నాను."

"దీనికి వాసనెక్కడుంటాది?"

"ఉన్నా లేకపోయినా ముక్కు ఆనితే చాలు. ఇంక అది పూజకి పనికిరాదు."

ఆమెకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక దుబ్బు మీద చతికిలబడి, కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. "అయితే ఇంక నాకెందుకు ఈ కర్ర? నీ ముక్కే వాచరు!" కాసేపటికి నవ్వు ఆపుకుని, కొంచెం ఎగతాళిగా, కొంచెం నిజంగా అడిగింది. "మరి నా ముక్కు పనికొస్తాదేటి? అడివోళ్ల ముక్కు మీ శాస్త్రంలో ఉన్నాదా?"

"ముక్కు అనే ఉంది. ఎవరి ముక్కో రాయలేదు."

ఆమె కర్ర కంచెకి ఆనించి, నా పక్కనే మోకాళ్ల మీదికి దిగింది.

మూడు పొద్దులు అదే పని. రెండోరోజు వాళ్ల ఊరి ఆడవాళ్లు ఇద్దరు వచ్చారు. ఒకామెకి పుప్పొడి పడక వరసగా తుమ్ములు. "బేగి సూడండర్రా, ఇది తుమ్ముల్తోనే పూలన్నీ రాల్చీసేలాగుంది!" అని వాచరు కేకలేసింది. నా పిక్కకి జలగ పట్టుకుంటే అదే నవ్వుతో పీకి పారేసింది. ఆ మూడు రోజులూ నేను ఫోటోలు తీస్తూనే ఉన్నాను. గ్రూపులో ఒక్కటి కూడా పెట్టలేదు. పాతవాటిలో తీయగలిగినవి తీసేశాను.

నవమికి రెండు రోజుల ముందు సాయంత్రం, హారతికి ముందు, ఆడవాళ్ల వైపు నుంచి లేచి నిలబడ్డాను.

"మాస్టారూ, ఎల్లుండి నవమి. రేపు పొద్దున్న పూలకి వెళ్లేవాళ్లకి ఒక మాట. ఆ తంపరలో పూలన్నీ నేను వాసన చూసేశాను. నేనూ, ఇంకో ముగ్గురు ఆడవాళ్లూ. మూడు రోజుల నుంచి అదే పని. కావాలంటే ఫోటోలున్నాయి. మా ఎంగిలి స్వామికి పెట్టదల్చుకున్నవాళ్లు వెళ్లి కోసుకోండి."

ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. మాస్టారు కళ్లద్దాలు తీశారు.

"అన్నీ చూశావా? వేల పూలుంటాయక్కడ."

"అన్నీ చూడలేదు."

"మరి?"

"ఏది చూశానో ఏది చూడలేదో ఇప్పుడు నాకే తెలీదు. మీకెలా తెలుస్తుంది? అనుమానం ఉన్న పువ్వు స్వామికి పెట్టకూడదని ఈ మందిరంలోనే నేర్చుకున్నాను."

"ఇదంతా ఆ అడివోళ్లు నేర్పినారు ఈవిడికి," అన్నాడు మగవాళ్ల వైపు నుంచి ఒకాయన.

"నియమం మాస్టారు నేర్పారు," అన్నాను. "ముక్కు నాది."

మా ఆయన తల వంచుకుని నేలకేసి చూస్తున్నారు. ఆయన భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నారేమో అనుకున్నాను. నవ్వు ఆపుకుంటున్నారని ఇంటికెళ్లాక తెలిసింది.

మాస్టారు మాత్రం నవ్వలేదు. "దోషమని తెలిసే చేశావా?"

"తెలిసే చేశాను."

"స్వామికి క్షమాపణ చెప్పుకో."

"స్వామితో నేను మాట్లాడుకున్నాను మాస్టారూ. ఇక్కడ చెప్పను."

ఆయన కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నారు. ఆయన కోరుకుంటే అదేమీ లెక్కలోకి రాదు, వెళ్దాం పదండి అనొచ్చు. నలభై మందీ వెళ్లేవాళ్లే. కాని ఆయన నియమం తప్పే మనిషి కాదు. నా ధైర్యమంతా అదే. పువ్వు మీద నాకు నమ్మకం ఉన్నంతగా ఆయన మీదా ఉంది.

"ఆ పూలు ఎవరూ తేవద్దు," అన్నారు చివరికి. "బంతిపూలకి ఫోన్ చెయ్యండి. ఇకనుంచి పూల సేవ ఈమె చేతికి ఇవ్వలేం."

"ఇవ్వకండి," అని కూర్చున్నాను.

తరవాత రెండు రోజులూ మా కొట్టుకి వచ్చినవాళ్లు రకరకాలుగా అన్నారు. పుణ్యానికి అడ్డం పడ్డానన్నారు. ఫోటోల పిచ్చితో దేవుడి పూలు దేవుడికి దక్కకుండా చేశానన్నారు. మేం కోయకపోతే నియమం తెలియని ఇంకెవరో కోస్తారు, అప్పుడేం చేస్తావని ఒకామె వాదించింది. అందరికీ ఒకటే చెప్పాను. నేను దేవుణ్ణి కాదనలేదు. బుట్టని కాదన్నాను. పువ్వు దేవుడికి వెళ్లాలంటే ముందు మన చేతికి రావాలని ఎవరన్నారు? రెండు చేతులా దండం పెట్టడం కన్నా కోయడమే పెద్ద భక్తి అయితే, ఆ భక్తి నాకు ఇరవై ఏళ్లు ఉంది. అది ఎంతటిదో నాకు తెలుసు.

నవమి నాడు మందిరానికి వెళ్లాను. మానేస్తాననుకున్నవాళ్లున్నారు. నేనెందుకు మానేస్తాను? అంతకుముందు ఏటి దాకా స్వామికి దగ్గరగా, పూల బుట్టల పక్కన కూర్చునేదాన్ని. ఆసారి గుమ్మం పక్కన, చెప్పుల దగ్గర చోటుంటే అక్కడ కూర్చున్నాను. అక్కణ్ణించి కూడా స్వామి కనిపిస్తాడు. బంతిపూలు వచ్చాయి, సగం ఉడికిపోయి. అందరికీ తలో దోసెడు పంచారు. నా దగ్గరికి వచ్చిన అమ్మాయి ఆగి, మాస్టారుకేసి చూసి, ముందుకెళ్లిపోయింది.

అష్టోత్తరం మొదలైంది. ఒక్కో నామానికి ఒక్కో పువ్వు. నా పక్కన కూర్చున్నావిడ చూడలేక తన పళ్లెంలోంచి గుప్పెడు తీసి నా ఒళ్లో పెట్టబోయింది.

"ఒట్టి చేతుల్తో కూకున్నావేటమ్మా? ఎవలూ సూడ్డం లేదు, తీసుకో."

"నాకొద్దు. నావి పెట్టేశాను."

"ఎక్కడ పెట్టీసినావు?"

"ఉన్నచోటే."

ఆమె నాకేసి అదోలా చూసి పూలు వెనక్కి తీసుకుంది. మాస్టారు తరవాతి నామం అన్నారు. ముందు వరసల్లో అరవై చేతులు లేచాయి. నేను ఖాళీ చేతులు జోడించి, అందరికన్నా గట్టిగా ఆ నామం అందుకున్నాను.